పెద్ద వ్యాసానికి టాపిక్ ఎంచుకోవడం ఎలా? హైస్కూల్ విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

“క్లైమేట్ ఛేంజ్ మీద రాస్తాను” అంటారు ఒకరు. “రెండో ప్రపంచ యుద్ధం” అంటారు ఇంకొకరు. “సోషల్ మీడియా, మెంటల్ హెల్త్” అని మరొకరు. పెద్ద వ్యాసం రాయాల్సిన ఏడాది మొదలైందంటే ముందుగా వినిపించే మాటలివే. ఇవన్నీ లైబ్రరీలో అరల మీద అంటించే పేర్లు. ఆ అరలోంచి ఏ పుస్తకం తియ్యాలి, అందులో ఏ పేజీతో గొడవ పెట్టుకోవాలి అన్నది తేలినప్పుడే చేతిలో టాపిక్ ఉన్నట్టు.

ఈ పనికి ఒక సాయంత్రం చాలని చాలామంది అనుకుంటారు. నన్నడిగితే రెండు వారాలు పెట్టమంటాను. రాతలో తప్పులుంటే దిద్దుకోవచ్చు. టాపిక్‌లో ఉన్న తప్పు మాత్రం మూడు నెలలు గడిచి, నోట్‌బుక్ నిండిపోయాక బయటపడుతుంది. అప్పుడు వెనక్కి వెళ్ళే టైమ్ ఉండదు, ముందుకు వెళ్ళే దారీ ఉండదు. అందుకే ఈ రెండు వారాలూ టాపిక్‌ను మెచ్చుకోవడం మానేసి, అది ఎక్కడ కూలుతుందో చూడండి. కూలకుండా మిగిలిందే మీది.

1. ముందు రూల్స్ కాగితం చదవండి

టాపిక్ ఎంపికలో సగం పని ఈ కాగితమే చేసిపెడుతుంది. అయినా దాన్ని చివరిదాకా చదివేవాళ్ళు తక్కువ.

ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) డిప్లొమాలో రాసే ఎక్స్‌టెండెడ్ ఎస్సే అనే పెద్ద వ్యాసం గరిష్ఠంగా 4000 పదాలు. ఆ తర్వాత రాసినదాన్ని ఎగ్జామినర్ లెక్కలోకి తీసుకోరు. విద్యార్థి పెట్టాల్సిన సమయం సుమారు 40 గంటలు, సూపర్‌వైజర్, అంటే మీ వ్యాసానికి దారి చూపించే టీచర్, మీకోసం కేటాయించేది 3 నుంచి 5 గంటలు. అన్నిటికన్నా కింది గ్రేడ్ ‘ఇ’ వస్తే డిప్లొమా చేతికి రాదు. అమెరికా హైస్కూళ్ళలోని ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కోర్సుల్లో ఒకటైన ఏపీ రీసెర్చ్‌లో పేపర్ 4000 నుంచి 5000 పదాల మధ్య ఉంటుంది. మీ కోర్సు ఇంకొకటైతే అంకెలు వేరుగా ఉండొచ్చు, కానీ అంకెలంటూ ఉంటాయి. సబ్జెక్టును బట్టి నిషేధాలు కూడా ఉంటాయి: జంతువులకు బాధ కలిగించే ప్రయోగాలు కుదరవు, చరిత్రలో మరీ ఈమధ్య జరిగిన సంఘటనలు తీసుకోనివ్వరు. మీ కోర్సు కాగితంలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో గీత గీసి పెట్టుకోండి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. 4000 పదాల్లో ముందుమాటకు 400, ముగింపుకు 400 తీసేస్తే మిగిలేది 3200. వాదన మూడు భాగాలైతే ఒక్కోదానికి వెయ్యికి పైగా పదాలు దొరుకుతాయి. ఆధారం చూపించి, దాన్ని విడదీసి, ఎదుటి వాదనకు జవాబు చెప్పడానికి ఆమాత్రం చోటు కావాలి. “ఎనిమిది కారణాలు రాస్తాను” అంటే ఒక్కో కారణానికి 400 పదాలే వస్తాయి. అందులో పట్టేది వివరణ మాత్రమే, విశ్లేషణ పట్టదు. టాపిక్ పెద్దదా చిన్నదా అన్న అనుమానం వస్తే ఈ లెక్క వేసుకోండి. చిన్న టాపిక్ అయితే పేజీలు నిండవేమోనని అందరూ భయపడతారు. నేను చూసినంతలో పిల్లల్ని ముంచింది ఎప్పుడూ పెద్ద టాపిక్కే.

2. ఆసక్తిని పట్టుకోండి, కానీ దాన్ని మరీ నమ్మకండి

“నీకు ఇష్టమైనదాని మీద రాయి” అని అందరూ చెప్తారు. సలహా మంచిదే, కానీ సగమే. ఫుట్‌బాల్ అంటే ప్రాణమైనవాడు ఫుట్‌బాల్ మీద రాస్తే తరచూ అభిమాని ఉత్తరంలా తయారవుతుంది. మరీ దగ్గరగా ఉన్నవాటి మీద మనం ప్రశ్నలు వేయం, జవాబులు ముందే పెట్టుకుని కూర్చుంటాం.

ఒక వారం పాటు చిన్న నోట్‌బుక్ వెంట పెట్టుకోండి. క్లాసులో గానీ, చదువుతున్నప్పుడు గానీ, వీడియో చూస్తున్నప్పుడు గానీ “అదెలా?” అనిపించిన ప్రతిసారీ ఒక లైను రాయండి. ఇష్టాలు కాదు, అనుమానాలే రాయాలి. వారం చివర్లో తిరగేస్తే ఒకే రకం అనుమానం మూడు నాలుగు చోట్ల కనిపిస్తుంది. అక్కడ మొదలుపెట్టండి.

యూనివర్సిటీ అప్లికేషన్‌లో బాగుంటుందని టాపిక్ ఎంచుకునేవాళ్ళకు ఒక్క మాట. మీకే నిద్ర వచ్చే టాపిక్ మీద 40 గంటలు కూర్చోవడం కష్టం, ఆ కష్టం రాతలో కనబడిపోతుంది.

3. ఏ సబ్జెక్టు కింద రాస్తున్నారో తేల్చుకోండి

ఒకే ఆసక్తిని మూడు సబ్జెక్టులు మూడు రకాలుగా చూస్తాయి. మార్కులు వేసేది కూడా ఆ సబ్జెక్టు పద్ధతిని బట్టే. కాబట్టి టాపిక్, సబ్జెక్టు రెండూ కలిసి తేలాలి.

ఉదాహరణకు అంటువ్యాధులంటే మీకు ఆసక్తి అనుకుందాం. 19వ శతాబ్దపు లండన్‌లో కలరా కథ చాలామందికి తెలిసే ఉంటుంది. చరిత్ర విద్యార్థి అక్కడ అధికారులు ఏం నమ్మారు, ఎందుకు నమ్మారు అని అడుగుతాడు. గణితం వైపు వెళ్ళేవాళ్ళకు, కలరా తాగేనీళ్ళ వల్ల వస్తుందని వాదించిన డాక్టర్ జాన్ స్నో వదిలిపెట్టిన అంకెలున్నాయి: ఒక కంపెనీ నీళ్ళు వచ్చే ఇళ్ళల్లో ప్రతి 10,000 ఇళ్ళకు 315 మరణాలు, థేమ్స్ నదిలో ఇంకా పైనుంచి నీళ్ళు తీసుకునే మరో కంపెనీ ఇళ్ళల్లో 37 మరణాలు. ఈ తేడా యాదృచ్ఛికం అయ్యే అవకాశం ఎంత అన్నది మంచి గణాంక ప్రశ్న. భూగోళం చదివేవాళ్ళు చేతి పంపుల చుట్టూ మ్యాపు మీద హద్దులు గీసి, ఏ ఇంటికి ఏ పంపు దగ్గరో, చావులు ఎక్కడ గుమిగూడాయో చూడొచ్చు.

ఇందులో ఏ పని మీ చేతికి అలవాటుందో చూసుకోండి. లెక్కలంటే టెన్షన్ పడేవాళ్ళు, గణాంకాల టాపిక్ వినడానికి గొప్పగా ఉందని తీసుకోకూడదు. ఆ సబ్జెక్టు మీరు క్లాసులో చదవకపోతే ఇంకా జాగ్రత్త. కొత్త సబ్జెక్టు పద్ధతి నేర్చుకోవడానికే సగం గంటలు పోతాయి.

4. అరలోంచి పేజీ దాకా: ఇరుకు చేసుకోవడం

ఈ అడుగు దగ్గర కాసేపు ఆగుదాం, అసలు పని ఇక్కడే ఉంది.

పై ఉదాహరణనే చరిత్ర వైపు నుంచి తీసుకెళ్దాం. అంటువ్యాధులు అన్నది అర. కలరా అంటే ఇంకా పెద్దదే. 19వ శతాబ్దంలో లండన్‌లో కలరా అంటే కొంచెం నయం, అయినా పుస్తకం రాసేంత ఉంది. 1854లో బ్రాడ్ స్ట్రీట్ అనగానే ఒక వీధి, ఒక పంపు, కొన్ని వారాలు మిగిలాయి. అయినా ఇప్పటికీ మన దగ్గరున్నది చోటూ కాలమూ మాత్రమే, ప్రశ్న రాలేదు.

ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది? అందరూ చెప్పుకునే కథకూ, ఆనాటి కాగితాలకూ పొసగని చోట. ప్రచారంలో ఉన్న కథ ఏమిటంటే: స్నో మ్యాపు గీశాడు, పంపులో దోషం కనిపెట్టాడు, హ్యాండిల్ తీయించాడు, కలరా ఆగిపోయింది. ఇప్పుడు తేదీలు చూడండి. ఆగస్టు 31 రాత్రి విజృంభణ మొదలైంది. హ్యాండిల్ తీసింది సెప్టెంబర్ 8న. అప్పటికే జనం ఇళ్ళు వదిలి వెళ్ళిపోయారు, కేసులు తగ్గుముఖం పట్టాయి. ఆ మాట స్వయంగా స్నోనే రాశాడు. ప్రసిద్ధమైన ఆ మ్యాపు అచ్చయింది తర్వాత. ఇక అసలు విశేషం: ఆ పరగణాలోనే పనిచేసే హెన్రీ వైట్‌హెడ్ అనే మతగురువు, స్నో చెప్పింది తప్పని నిరూపించాలని బయల్దేరి, ఇంటింటికీ తిరిగి అడిగి, చివరికి స్నో వైపు వచ్చేశాడు. ప్రభుత్వ ఆరోగ్య బోర్డు నియమించిన విజ్ఞాన కమిటీ మాత్రం ఆ వాదనను ఒప్పుకోలేదు. చెడుగాలి వల్లే జబ్బు వస్తుందన్న పాత నమ్మకం మీదే నిలబడింది.

ఇంత చదివాక ప్రశ్న దానంతటదే వస్తుంది: “పంపు మీద స్నో చూపిన ఆధారాలు 1854–55లో ఆరోగ్య బోర్డు కమిటీని ఎందుకు ఒప్పించలేకపోయాయి?” ఇందులో మనుషులున్నారు, తేదీలున్నాయి, రెండు వైపులా కాగితాలున్నాయి. జవాబు ఒక్క ముక్కలో తేలదు. 3200 పదాల్లో పడుతుంది.

ఇరుకు చేయడం అంటే చిన్నపిల్లల పని అనుకోకండి. పెద్ద పరిశోధకులూ చేసేది అదే. కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయా అన్నది అర్థశాస్త్రంలో ఎన్నాళ్ళ నుంచో ఉన్న గొడవ. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు దాన్ని ఎలా పట్టుకున్నారు? న్యూజెర్సీ రాష్ట్రం 1992 ఏప్రిల్‌లో కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పక్కనే ఉన్న పెన్సిల్వేనియా పెంచలేదు. సరిహద్దుకు ఇటూ అటూ 410 ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్లను పెంపుకు ముందూ తర్వాతా అడిగి చూశారు. ఒక పరిశ్రమ, రెండు రాష్ట్రాలు, ఒక ఏడాది. ఉద్యోగాలు తగ్గినట్టు వాళ్ళకు కనిపించలేదు. ఆ 1994 పేపర్ మీద ఇతర ఆర్థికవేత్తలు వేరే లెక్కలతో గట్టిగానే వాదించారు. కార్డ్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ప్రపంచం మొత్తాన్నీ ఒకేసారి తూచబోతే వాళ్ళకీ ఏమీ తేలేది కాదు.

ఇరుకు చేయడానికి పట్టుకునే పిడులు కొన్నే: చోటు, కాలం, మనుషులు, ఒకే ఒక్క కొలత, ఒకే ఒక్క రచన. వీటిలో కనీసం రెండు బిగించండి.

5. టాపిక్‌ను ప్రశ్నగా మార్చండి

ప్రశ్న గుర్తు పెట్టినంత మాత్రాన అది పరిశోధన ప్రశ్న అయిపోదు. “కలరా ఎలా వ్యాపిస్తుంది?” అన్నదానికి పాఠ్యపుస్తకం ఒక పేరాలో జవాబు చెప్తుంది. “2050 నాటికి ఏమవుతుంది?” అంటే జోస్యం చెప్పాల్సిందే. “ఉరిశిక్ష ఉండాలా వద్దా?” అంటే అది మీ అభిప్రాయం. “పారిశ్రామిక విప్లవానికి కారణాలేమిటి, దాని ప్రభావం ఏమిటి?” అన్నది రెండు వ్యాసాలు.

“ఎంతవరకు”, “ఏ మేరకు”, “ఎందుకు కాలేదు”, “దీనికీ దానికీ సంబంధం ఎలా మారుతుంది” అన్న మాటలు సాధారణంగా దారి చూపిస్తాయి. అయినా మాట పెట్టగానే పని అవదు. ఒక పరీక్ష చెప్తాను. మీ ప్రశ్నకు తెలివైన ఇద్దరు మనుషులు రెండు వేర్వేరు జవాబులు చెప్పగలరా? ఇద్దరూ ఆధారాలు చూపించగలరా? రెండింటికీ అవునంటేనే ముందుకు వెళ్ళండి.

సాహిత్యంలో రాసేవాళ్ళు రచయిత జీవితం వైపు జారిపోతుంటారు. మీకు అసలు ఆధారం ఆ రచనే. “ఈ నవలలో స్త్రీలు” అంటే అర. “ఈ నవలలో కథ చెప్పేవాడి మాటల్లో దొర్లే పొరపాట్లు పాఠకుడి సానుభూతిని ఎటు తిప్పుతాయి?” అంటే ప్రశ్న. రచనను అనువాదంలో చదువుతుంటే పదాల ఎంపిక మీద వాదన కట్టకండి, ఆ పదాలు అనువాదకుడివి.

6. రెండు గంటల పరీక్ష: ఆధారాలు దొరుకుతాయా?

ఆధారాలు లేని టాపిక్ నేల విడిచిన సాము. ప్రశ్న ఎంత అందంగా ఉన్నా ఈ పరీక్ష పెట్టకుండా సూపర్‌వైజర్‌కు చెప్పొద్దు.

టైమర్ పెట్టుకుని రెండు గంటలు కూర్చోండి. వికీపీడియా వ్యాసం చదవండి, అయితే అసలు సరుకు ఆ పేజీ అడుగున ఉన్న ఫుట్‌నోట్లలో ఉంటుంది. గూగుల్ స్కాలర్‌లో ఒక మంచి పేపర్ దొరికితే, దాన్ని ఆ తర్వాత ఎవరెవరు ప్రస్తావించారో కింద ఉన్న లింకు చూపిస్తుంది. ఆ లింకు పట్టుకుంటే వాదన ఎటు నడిచిందో తెలిసిపోతుంది. పాత పుస్తకాలకు ఇంటర్నెట్ ఆర్కైవ్, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ ఉన్నాయి. దేశాల ఆర్థిక అంకెలు ప్రపంచ బ్యాంకు ఉచితంగా ఇస్తుంది. స్కూల్ లైబ్రేరియన్‌ను తప్పకుండా అడగండి. డబ్బు కట్టాల్సిన డేటాబేస్‌లలో ఏవి స్కూల్‌కు అందుబాటులో ఉన్నాయో వాళ్ళకే తెలుస్తుంది.

రెండు గంటలు అయ్యేసరికి చేతిలో ఉండాల్సినవి: మీరు నిజంగా తెరిచి చదవగలిగే ఐదు సోర్సులు. వాటిలో కనీసం ఒకటి మూలాధారం, అంటే ఆనాటి పత్రం, ముడి డేటా, అసలు రచన లాంటిది. కనీసం ఒకటి మీరు అనుకుంటున్నదాన్ని కాదనేది. ఆ చివరిది దొరక్కపోతే ప్రశ్న మరీ తేలికైనదై ఉండాలి, లేదా మీరు సరిగ్గా వెతికి ఉండరు. ఐదింటిలో మూడు మీకు రాని భాషలో ఉన్నా, సారాంశం తప్ప మిగతాది తెరుచుకోకపోయినా అవి లెక్కలోకి రావు.

చాట్‌బాట్‌ను అడిగితే క్షణంలో ఇరవై టాపిక్‌లు ఇస్తుంది. అడిగిన అందరికీ దాదాపు అవే ఇస్తుంది. పుస్తకాల పేర్లు అడిగితే లేని పుస్తకాన్ని కూడా రచయిత పేరుతో, సంవత్సరంతో సహా పుట్టిస్తుంది. అది చెప్పిన ప్రతి పేరునూ లైబ్రరీ కేటలాగ్‌లో చూసుకున్నాకే నమ్మండి. దాని వాడకం మీద మీ స్కూల్ పెట్టిన రూల్ ఏమిటో కూడా ముందే కనుక్కోండి.

7. ప్రయోగమైతే ఒక మధ్యాహ్నం ట్రయల్ వేయండి

సైన్సు టాపిక్‌కు లైబ్రరీ పరీక్షతో పాటు ల్యాబ్ పరీక్ష కూడా ఉంది. బంతి ఉష్ణోగ్రత మారితే అది ఎగిరే ఎత్తు ఎలా మారుతుంది అన్నది చాలా మామూలు ప్రశ్నలా కనిపిస్తుంది. అయినా మంచిదే. మార్చేది ఒకటి, ఉష్ణోగ్రత. కొలిచేది ఒకటి, ఎగిరిన ఎత్తు. మిగతావన్నీ, అంటే అదే బంతి, అదే నేల, వదిలే ఎత్తు, స్థిరంగా ఉంచాలి. ఈ మూడు వరుసలూ కాగితం మీద నింపలేకపోతే ప్రశ్న ఇంకా తయారవలేదు.

ట్రయల్‌లోనే అసలు చిక్కులు తెలుస్తాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన బంతి కొలిచేలోపే వేడెక్కుతుంది. పై తొడుగు చల్లగా ఉన్నంత మాత్రాన లోపల కూడా అంతే చల్లగా ఉందనుకోలేం. కంటితో ఎత్తు చూస్తే రెండు మూడు సెంటీమీటర్లు అటూఇటూ అవుతుంది, ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీస్తే నయం. మీరు చూడాలనుకున్న మార్పు మీ కొలత తప్పు కన్నా చిన్నదైతే ఎన్ని గ్రాఫులు గీసినా ఫలితం తేలదు. కనీసం ఐదు ఉష్ణోగ్రతలు, ఒక్కోదాని దగ్గర మూడు నుంచి ఐదు రీడింగులు తీయడానికి ఎంతసేపు పడుతుందో ట్రయల్‌లో చూసి, ల్యాబ్ ఎన్ని రోజులు ఖాళీగా ఉంటుందో దానితో పోల్చుకోండి.

8. తెలిసిన గోతులు

సోషల్ మీడియా, మానసిక ఆరోగ్యం మీద ఇరవైమంది స్నేహితులకు గూగుల్ ఫామ్ పంపి రాసే వ్యాసం. ఆ ఇరవైమంది ఎవరికీ ప్రతినిధులు కారు. ఎక్కువసేపు ఫోన్ చూడటం వల్ల దిగులా, దిగులు వల్ల ఫోనా అన్నది ఆ ఫామ్ చెప్పలేదు. ఇది నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

గణితంలో గోల్డెన్ రేషియో, అంటే సుమారు 1.618 అనే నిష్పత్తి. ప్రకృతిలో, కట్టడాల్లో, ముఖాల్లో అంతటా అదే ఉందన్న ప్రచారంలో చాలా భాగం కొలతలకు నిలబడదు. ఆ నమ్మకాన్ని మోసుకొస్తే వ్యాసం పలచనవుతుంది. కొలిచి చూసి ఎంత నిలబడుతుందో తేలిస్తే అదే మంచి వ్యాసం. ఇంకా వెతుకుతుంటే, కోనిగ్స్‌బర్గ్ ఊళ్ళోని ఏడు వంతెనలనూ ఒక్కోదాన్ని ఒక్కసారే దాటుతూ తిరగగలమా అన్న ప్రశ్నకు గణితవేత్త ఆయిలర్ 1736లో వేసిన దారి నుంచి మొదలుపెట్టి, చిన్న నెట్‌వర్క్ ఒకదాన్ని మీరే తీసుకుని పరీక్షించొచ్చు.

ఇంటి సొంత బాధ నుంచి పుట్టిన టాపిక్‌ల సంగతి నాజూకు. కుటుంబంలో ఎవరికో వచ్చిన జబ్బు మీద రాయాలనిపించడం సహజం. రాయొచ్చు, కానీ ఎదురు ఆధారాన్ని కూడా చల్లగా చూడగలరా అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి.

9. సూపర్‌వైజర్ దగ్గరకు ఖాళీ చేతులతో వెళ్ళొద్దు

“టాపిక్ చెప్పండి” అని అడిగితే వాళ్ళకు తెలిసిన టాపిక్ చెప్తారు. అది వాళ్ళది. వాళ్ళిచ్చే సమయం కొన్ని గంటలే, అందుకే ఒక పేజీ తీసుకెళ్ళండి: రెండు ప్రశ్నలు (ఒకటి కూలితే ఇంకొకటి ఉండాలి), ఒక్కోదానికి దొరికిన ఐదు సోర్సులు, మీకున్న భయం ఒకటి. “ఈ ప్రశ్నకు జవాబు ముందే తెలిసిపోయేలా ఉందా?” అని అడగండి. “ఇందులో ఏ భాగం నేను చేయలేనని మీకనిపిస్తోంది?” అని కూడా అడగండి. “బాగుందా?” అని అడిగితే మర్యాదకు బాగుందంటారు.

10. ఎప్పుడు వదిలేయాలి, ఎప్పుడు పట్టుకుని ఉండాలి

రెండు వారాలు గడిచాక మూలాధారం దొరక్కపోతే, ట్రయల్‌లో కొలతలు ఊగిసలాడుతుంటే, లేదా మూడు సోర్సులు చదివాక కొత్తగా అడగడానికేమీ మిగలకపోతే వదిలేయండి. ఇన్ని గంటలు పెట్టాను కదా అని లాగొద్దు. చదువుతున్నకొద్దీ కష్టమనిపిస్తోందన్న ఒక్క కారణంతో మాత్రం మార్చకండి. టాపిక్ లోతు తగులుతోందంటే కష్టంగానే ఉంటుంది.

టాపిక్ అదే ఉండి ప్రశ్న మాటలు మారడం వేరే సంగతి. చదివేకొద్దీ “ఎందుకు ఒప్పించలేకపోయాయి” కాస్తా “ఎవరిని ఒప్పించాయి, ఎవరిని ఒప్పించలేదు” అవుతుంది. డ్రాఫ్టు సగంలో ఉన్నప్పుడు కూడా ఇలా జరగొచ్చు, భయపడనక్కర్లేదు. పాత ప్రశ్నను చెరిపేయకుండా తేదీ వేసి నోట్‌బుక్‌లోనే ఉంచి, పక్కన ఎందుకు మార్చారో ఒక లైను రాయండి. ఎక్స్‌టెండెడ్ ఎస్సేతో పాటు మీ పని ఎలా సాగిందో 500 పదాలకు మించకుండా రాసివ్వాలి. ఆ రోజు ఏం రాయాలో తోచక తల పట్టుకున్నప్పుడు ఈ తేదీలన్నీ పనికొస్తాయి.